ఫలాపేక్ష లేని సాక్షి

స్వయంగా కంటితో చూచినవాడే సాక్షి. చూచినవాడు చెప్పగా విన్నవాడు ఎంతటి విశ్వాసపాత్రుడైనా, అతని జ్ఞానం పరోక్షమే. ధనవ్యవహారాలలో లోకం చిరకాలంగా ఈ పరోక్షజ్ఞానం మీదనే ఆధారపడి ఉన్నది. ఖాతాలో ఎంత సొమ్ము ఉన్నదో బ్యాంకు చెబుతుంది, ఖాతాదారు విశ్వసిస్తాడు. 2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో అనే పేరుతో వెలువడిన తొమ్మిది పుటల పత్రం ఈ విశ్వాసానికి బదులుగా ప్రత్యక్ష పరీక్షను ప్రతిపాదించింది. అందునుంచి జనించినదే బిట్‌కాయిన్. ఆ పరీక్షను నిర్వహించే కంప్యూటరుకు నోడ్ అని పేరు.

2009 జనవరిలో ఈ వ్యవస్థ ఆరంభమైన తొలిదినాలలోనే, గూఢలిపి శాస్త్రంలో నిష్ణాతుడైన అమెరికన్ హాల్ ఫినీ తన కంప్యూటరులో ఆ ప్రోగ్రామును నడిపాడు. జనవరి 12న సతోషీ ప్రయోగార్థం పంపిన 10 బిట్‌కాయిన్‌లను అందుకున్నవాడు ఆయనే. కాని కొద్దిదినాలకే దానిని ఆపివేశాడు. యంత్రం వేడెక్కుతున్నది, ఫ్యాను శబ్దం చికాకు కలిగిస్తున్నది. ఇంతకు మించిన కారణం లేదు. ఆ ఏడాదే ఆయనకు ఏ.ఎల్.ఎస్. అనే నాడీవ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయింది. 2013 నాటికి దేహం దాదాపు నిశ్చేష్టమైంది. కంటిచూపు కదలికను గ్రహించే పరికరం సాయంతో అక్షరాలు కూర్చుకుంటూ తన బిట్‌కాయిన్ జ్ఞాపకాలను వ్రాశాడు. ఆ యంత్రాన్ని మరికొంతకాలం నడిపి ఉంటే బాగుండేదని అందులో చెప్పుకున్నాడు. 2014 ఆగస్టు 28న పరమపదించాడు.

ఆనాడు యంత్రం వేడెక్కడానికి హేతువు మైనింగ్. అప్పట్లో లెక్కను పరీక్షించడం, కొత్త నాణేలను ఆర్జించడం ఒకే ప్రోగ్రాము చేసేది. అనంతరకాలంలో ఈ రెండు కర్మలూ విడిపోయాయి. మైనర్లు లావాదేవీలను బ్లాకులుగా కూర్చి ప్రతిఫలం పొందుతారు. నోడ్ ప్రతి బ్లాకునూ స్వయంగా పరిశీలిస్తుంది. సంతకం సరియైనదా, ఒకే నాణెం రెండుమార్లు వ్యయమైనదా, నియమానికి మించి కొత్త నాణేలు పుట్టాయా అని చూచి, దోషం ఉన్న బ్లాకును తిరస్కరిస్తుంది. ఇందుకు దానికి దక్కే ప్రతిఫలం శూన్యం.

ప్రతిఫలం లేని ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్నకు 2010 ఆగస్టు 15 సమాధానం చెబుతుంది. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించరాదన్న నాణేల వ్యవస్థలో ఆనాడు 74638వ బ్లాకులో ఒక్కసారిగా 18,400 కోట్లకు పైగా బిట్‌కాయిన్‌లు ఉద్భవించాయి. ప్రోగ్రాములోని లోపమే దీనికి మూలం. కొన్ని గంటలలోనే సవరించిన ప్రోగ్రాము వెలువడింది. అయితే సవరణ వెలువడినంత మాత్రాన దోషం తొలగదు. ఎవరి యంత్రంలో వారు దానిని స్థాపించుకుని, దుష్టమైన ఆ బ్లాకును నిరాకరించవలసి వచ్చింది. వారు అలాగే చేశారు. సరియైన శృంఖల పొడవులో ముందుకు సాగి నిలిచింది. ఆజ్ఞాపించే అధిపతి ఎవరూ లేని చోట నియమం నిలిచేది దానిని పాటించే వారి సంఖ్యాబలం వల్లనే.

నేడు నోడ్ స్థాపనకు మహాయంత్రం అవసరం లేదు. రాస్ప్‌బెరీ పై వంటి చిన్న కంప్యూటరు, ఒక టెరాబైట్ డిస్కు, అంతరాయం లేని ఇంటర్నెట్ చాలును. 2009 నుంచి నేటివరకు గల లెక్క 600 గిగాబైట్లను దాటింది. దానిని దింపుకుని పరీక్షించడానికి కొన్ని దినాలు పట్టవచ్చు. అంత స్థలం లేనివారు, పాత బ్లాకులను పరీక్షించిన పిమ్మట తొలగించే విధానాన్ని ఎంచుకోవచ్చు. ఇందుకోసం ఒక్క నాణెమైనా కొనవలసిన పని లేదు. బిట్‌కాయిన్ నోడ్ నడిపితే లాభం వస్తుందని ఆశచూపి ధనం అడిగేవాడు వంచకుడని గ్రహించాలి.

మరొక వివేకం కూడా అవసరం. మూలన ఊరకే వెలుగుతున్న నోడ్ ఇతరులకు కొంత సహాయం చేస్తుంది. తనకు రావలసిన నాణెం సత్యమో కాదో యజమాని తన నోడ్ ద్వారానే నిర్ణయించుకున్నప్పుడు దానికి పూర్తి బలం చేకూరుతుంది. అందరూ నాలుగైదు సంస్థల నోడ్‌లనే ఆశ్రయిస్తే, నియమాలు ఆ సంస్థల చేతిలోకి పోతాయి. నామమాత్రంగా వికేంద్రీకృతమైన వ్యవస్థలో మళ్ళీ పరోక్షవిశ్వాసమే మిగులుతుంది.

హాల్ ఫినీని విసిగించిన వేడిమి, శబ్దం నేటి చిన్న యంత్రాలలో దాదాపు లేవు. మిగిలినది నెలనెలా కొద్దిపాటి విద్యుత్తు వ్యయం, అప్పుడప్పుడు ప్రోగ్రామును నవీకరించే శ్రద్ధ. ఈ మాత్రం శక్తి గలవారు సాక్షిధర్మాన్ని పరులకు అప్పగించక, తమ ఇంట ఒక నోడ్‌ను వెలిగించుట ఉచితం.