అక్కడ

11 జూన్ 2023, తెనాలి

రాత్రి రెండున్నర. మళ్లీ దురద. పగలు కాస్త ఊరుకుంటుంది, పక్క మీద ఒరిగానో లేదో మొదలు. నిద్రలోనే గీరేసుకుంటున్నాను, పొద్దున స్నానంలో మంటపుడితే తెలుస్తోంది. నాలుగేళ్లుగా ఇదే తంతు. వదిన "వేడి చేసిందే" అంటుంది. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ అన్నీ అయ్యాయి. మందుల షాపులో గొణిగితే ఫంగస్ క్రీము చేతిలో పెడతాడు. ఇది అయిదో ట్యూబు. షుగర్ రెండుసార్లు చూపించుకున్నాను, లేదు.

3 జులై

గుంటూరులో చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నాను. "దురద ఎక్కడమ్మా?" అంది. "అక్కడ" అన్నాను. ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని! పిల్లల చేత వల్లె వేయించిన పర్యాయపదాలన్నీ ఎటు పోయాయో. మర్మాంగం అంటాం కదా, పేరులోనే మర్మం పెట్టేశాక ఇంక నోరు విప్పేదెవరు?

చేతికి అద్దం ఇచ్చి చూడమంది. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, చూసుకోవడం ఇదే మొదలు. ఉల్లిపొరలా తెల్లగా, సన్నటి ముడతలతో మెరుస్తోంది. గోళ్లు పడ్డచోట రక్తం కమిలిన చుక్కలు. లోపలి మడతలు పక్క చర్మంలో కలిసిపోయాయి. మలద్వారం చుట్టూ కూడా పాకి, మొత్తం ఎనిమిది అంకెలా ఉంది.

బొల్లేమోనని నా భయం. బొల్లికి రంగే పోతుంది, చర్మం ఇలా పలచబడదంది. పేరు కాగితం మీద రాసిచ్చింది: లైకెన్ స్క్లెరోసస్. అంటుకునేది కాదు, శుభ్రం లేక వచ్చిందీ కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే సొంత చర్మం మీద పడడం వల్ల వస్తుందని అనుకుంటున్నారట. "థైరాయిడ్ ఉందా?" అని ఆవిడే అడిగింది. పన్నెండేళ్లుగా మాత్ర మింగుతున్నాను. ఈ రెండూ ఒకరిలోనే కనబడడం కొత్తేమీ కాదట. ముట్లుడిగిన ఆడవాళ్లకూ, ఈడుకు రాని ఆడపిల్లలకూ ఎక్కువగా వస్తుంది. మగవాళ్లకూ రావచ్చు, ముందు తోలు బిగుసుకుపోతుంది.

4 జులై

క్లోబెటసాల్ ఆయింట్‌మెంట్. షాపు అబ్బాయి చీటీ చూసి, "ఇది బాగా స్ట్రాంగ్ స్టెరాయిడ్ అమ్మా, అక్కడ రాయకూడదు" అన్నాడు. వాడికీ అదే మాట! డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "అక్కడికే రాశాను, భయపడి మానేయకండి" అంది. మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే అర గ్రాము. లెక్క వేశాను, 30 గ్రాముల ట్యూబు మూడు నెలలకు సరిపోయి కొంచెం మిగులుతుంది. సబ్బు తాకించొద్దంది. నేనేమో ఇన్నాళ్లూ రోజుకు మూడుసార్లు రుద్దాను.

20 జులై

ఈయనకు చెప్పాను. రెండేళ్లుగా నేను గోడవైపు తిరిగి పడుకుంటుంటే మనసు విరిగిందనుకున్నారట. "నొప్పి అని ఒక్క మాట అనొచ్చుగా" అన్నారు. అనొచ్చు.

9 ఆగస్టు

వారం నుంచి రాత్రుళ్లు మెలకువ రావడం లేదు.

వదిన వచ్చింది. కోడలికి గజ్జల్లో తామరట, "నీకు తగ్గిన ఆ ట్యూబు కాస్త ఇవ్వు" అంది. ఇవ్వనన్నాను. తామరకు స్టెరాయిడ్ రాస్తే రెండ్రోజులు దురద ఆగి, ఆ తర్వాత తొడలంతా పాకుతుంది. మూతి ముడుచుకుని వెళ్లింది. పోనీ.

6 అక్టోబరు

మళ్లీ గుంటూరు. దురద పోయింది, పగుళ్లు మానాయి. తెలుపు కొంత ఉండిపోవచ్చు, కలిసిపోయిన మడతలు తిరిగి రావు. పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు, వారానికి రెండుసార్లు రాస్తూ ఉండాల్సిందే. నూటికి అయిదుగురి కంటే తక్కువ మందిలో క్యాన్సర్‌గా మారుతుంది, మందు మానకపోతే ఆ ముప్పు తగ్గుతుంది. మానని పుండు, గట్టిపడిన చోటు కనిపిస్తే ఆగకుండా రమ్మంది. నెలకోసారి అద్దంలో చూసుకోవాలి.

తర్వాతి చెకప్ ఏప్రిల్‌లో.