మీటింగులో ఉన్నారండీ!

మౌంట్ రోడ్డులో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, మా మేనేజరుగారు మధ్యాహ్నం భోజనానికి వెళ్లి తాగి వచ్చేవారు. నా ఉద్యోగం ఆయన చలవే. అందుకే ఎవరు ఫోన్ చేసినా "మీటింగులో ఉన్నారండీ" అనేవాణ్ణి. ఆయన ఉత్తరాల్లో తప్పులూ నేనే దిద్దేవాణ్ణి.

ఓసారి ఆయన భార్య ఫోన్ చేసినా నోటికి అదే మాట వచ్చేసింది. "ఎన్నాళ్లు నాయనా ఈ మీటింగు?" అన్నారావిడ. నా అబద్ధాలు ఆయన తాగుడికే సాయం చేస్తున్నాయని అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు పొద్దున్నే, ఆయన తాగకముందే వెళ్లి, "ఇక అబద్ధం చెప్పలేను సార్" అన్నాను. 1980లో శాంతి రంగనాథన్ గారు ప్రారంభించిన సంస్థవారి టి.టి.కె. ఆసుపత్రి చిరునామా బల్లమీద పెట్టాను.

నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఓ సాయంత్రం, "ఆ ఆసుపత్రికి నాతో వస్తావా?" అన్నారు.