బొట్టు మాయమైన పెండ్లి ఫోటో



ఈ మధ్య మన ఇండ్లలో పెండ్లి జరిగితే ఆల్బం రెండు రకాలుగా అడుగుతున్నారు. ఒకటి రంగుల్లో, ఇంకొకటి బ్లాక్ అండ్ వైట్‌లో. పాతకాలపు పటం మాదిరి ఉంటుందని పిల్లలకు ఇష్టం. పెద్దవాళ్ళకు అంత ఇష్టం లేదు. మన ఇండ్లలో గోడ మీద నలుపు తెలుపు పటం ఉంటే, దానికి పూలదండ, ముందర చిన్న దీపం కూడా ఉంటాయి గదా. బతికుండేవాళ్ళను అట్ల చూసేదానికి వాళ్ళకు మనసు రాదు. ఎవరి మాట సరి అని పంచాయితీ చేసేదానికి కాదు ఇది రాసేది. రంగు ఫోటో నలుపు తెలుపు అయ్యేటప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఇద్దరికీ మంచిది అని రాస్తున్నాను. నేను తమిళంలో చదివినవాణ్ని, తెలుగు రాత రిటైర్ అయినాకనే చేతికి వచ్చింది. భాష అటూ ఇటూ ఉంటే సర్దుకొని చదవండి.

మా తమ్ముడి కూతురి పెండ్లి మదురైలో జరిగింది. రెండు నెలలకు ఆల్బాలు వచ్చినాయి. నలుపు తెలుపు ఆల్బంను అందరం కూర్చొని తిప్పుతున్నాము. ముఖాలన్నీ తెల్లగా, నున్నగా, సినిమావాళ్ళ మాదిరి ఉన్నాయి. కన్యాదానం ఫోటో దగ్గర మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆమెకు ఇప్పుడు 87 ఏండ్లు.

"ఏం రా, చిన్న కోడలి నొసట బొట్టు ఏడరా?" అనింది.

చూస్తే నిజమే. తమ్ముడి పక్కన నిలబడి నీళ్ళు పోస్తున్న మా మరదలి నొసలు బోడిగా ఉంది. ఆ పొద్దు ఆమె రూపాయి కాసంత కుంకుమ పెట్టుకొని ఉన్నింది, అందరం చూసినాము. "పోనీలే అత్తా, ఫోటోనే గదా" అనింది గానీ, లేచి లోపలికి పోయింది. మా నాయన పోయింది 1994లో. అప్పటి నుంచి బొట్టు లేని నొసలు ఎట్లుంటుందో రోజూ అద్దంలో చూసుకుంటున్న మనిషి మా అమ్మ. అందుకే మాలో ఎవరికీ కనపడనిది ఆమెకు ముందు కనపడింది.

రంగు ఫోటో తెప్పించి చూస్తే కుంకుమ ఎర్రగా చక్కగా ఉంది. మరి ఎక్కడ పోయింది?

డిజిటల్ ఫోటోలో ప్రతి చుక్కకూ మూడు అంకెలు ఉంటాయి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. నలుపు తెలుపు చెయ్యడం అంటే ఆ మూడింటిని కలిపి ఒకే అంకె చెయ్యడం. కంప్యూటర్లో మామూలుగా వాడే ఒక లెక్క ఏమంటే, 100 పాళ్ళలో ఎరుపుకు 30, ఆకుపచ్చకు 59, నీలానికి 11. ఈ పాళ్ళు మార్చే వసతి కూడా ఉంది. ఎరుపును మాత్రమే తీసుకుంటే ముఖం తెల్లగా వస్తుంది, ఎందుకంటే మనిషి చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ. కుంకుమలోనూ ఎరుపు పాలు ఎక్కువే. నొసటి అంకె, కుంకుమ అంకె దగ్గరదగ్గర ఒకటే అవుతాయి. అప్పుడు బొట్టు చర్మంలో కలిసిపోతుంది. ఎవరూ చెరపలేదు, అయినా కనపడదు.

అంటే జరిగింది ఇది. మనవాళ్ళ ముఖాలు తెల్లగా రావాలని ఎవరో ఎరుపు పక్కకు తిప్పినారు. దానికి ఇచ్చిన వెల మా మరదలి బొట్టు. నాకు బాధ కలిగింది ఇక్కడే. మేము మామిడితోపుల్లో, రైలు కట్టల మీద ఎండలో తిరిగిన మనుషులం. మా తాత నలుపు, మా నాయన నలుపు, నేనూ నలుపే. పెండ్లినాడు మాత్రం మేమెందుకు తెల్లవాళ్ళం కావాలి?

ఇంకొకటి కూడా గమనించినాను. పిల్ల కట్టుకున్నది అరక్కు రంగు కూరచీర, ఆకుపచ్చ అంచు. ఆల్బంలో అంచు ఎక్కడుందో తెలియలేదు. పైన చెప్పిన మామూలు లెక్క వేస్తే ఇట్ల అవుతుంది. ముదురు ఎరుపు చుక్క ఒకటి 180, 20, 40 అనుకోండి. లెక్క కడితే 70 వస్తుంది. ముదురు ఆకుపచ్చ చుక్క 20, 90, 40 అయితే 63 వస్తుంది. కంటికి రెండూ ఒకటే బూడిద రంగు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఉంటే రంగుల్లో ఎంత అందమో, నలుపు తెలుపులో అంత మోసం. ఆఫీసులో పని చేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. నీలం సిరాతో గుమాస్తా రాసింది, ఆకుపచ్చ సిరాతో ఆఫీసరు సంతకం పెట్టింది, జిరాక్సు తీస్తే అన్నీ నలుపే. ఎవరు ఏది రాసినారో అసలు కాగితం చూస్తేనే తెలుస్తుంది.

పాతకాలంలో ఇట్ల లేదా అని అడుగుతారు. అప్పుడూ ఉన్నింది, వేరే విధంగా. మొదట్లో వచ్చిన ఒక రకం ఫిల్ముకు ఎరుపు రంగు కనపడేది కాదు. అందులో కుంకుమ నల్లగా పడేది, ముఖం కూడా నల్లబడేది. తరువాత అన్ని రంగులనూ పట్టే ఫిల్ము వచ్చింది. మన తమిళనాడులోనే ఊటీలో 1960లో కేంద్ర ప్రభుత్వం హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టింది. 'ఇందు' పేరుతో అక్కడి ఫిల్ము, ఫోటో కాగితం దేశమంతా పోయేవి. పెద్ద రోలు వేస్తే చదరం ఫోటోలు 12 వచ్చేవి. అందుకే ఫోటోగ్రాఫరు ఒక్కొక్క ఫోటోకు ముందు వెలుతురు చూసి, తల తిప్పమని చెప్పి, ఊపిరి పట్టుకోమని చెప్పి తీసేవాడు. అప్పుడు నలుపు తెలుపు అనేది ఎంచుకున్నది కాదు, ఉన్నదే అది. ఇప్పుడు రంగు చేతిలో ఉంది, దాన్ని మనమే తీస్తున్నాము. కాబట్టి ఏది పోతుందో చూసుకునే బాధ్యత కూడా మనదే.

రంగు పోతే ఏం పోతుందో మా ఇంట్లోనే ఒక పటం చెప్తుంది. అమ్మా నాయనల పెండ్లి ఫోటో, 1955లో తీసింది, ఒకే ఒక్కటి. ఆ చీర ఎరుపు అని మా అక్క, ఆకుపచ్చ అని నేను, చిన్నప్పటి నుంచి వాదించుకుంటాము. అమ్మను అడిగితే "రెండూ కాదు, వంగపండు రంగు. మీ తాత తిరునెల్వేలిలో తీసిచ్చినాడు" అనింది. ఆ రంగు తెలిసిన మనిషి ఇప్పుడు లోకంలో ఆమె ఒక్కతే. నేను ఆమె చెప్పింది మెత్తటి పెన్సిల్‌తో పటం వెనక రాసి పెట్టినాను.

ఇంత చెప్పి బ్లాక్ అండ్ వైట్ వద్దు అనడం లేదు. కొన్ని చోట్ల అదే మందు. రిసెప్షన్ మేడ మీద నీలం, ఊదా ఎల్‌ఈడీ లైట్లు వేస్తారు. దాంట్లో ముఖాలు బాగా నీలంగా పడితే ఎవరూ మళ్ళీ చర్మం రంగుకు తేలేరు, ఆ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఉండవు గనక. అట్లాంటిది నలుపు తెలుపు చేస్తే నవ్వు, కండ్లు నిలబడతాయి. పిల్లను సాగనంపేటప్పుడు మా తమ్ముడు తువాలుతో కండ్లు తుడుచుకునే ఫోటో ఒకటి ఉంది. రంగుల్లో వెనకాల ప్లాస్టిక్ కుర్చీలు, ఎర్ర బకెట్టు, ఐస్‌క్రీం బ్యానరు కనపడతాయి. నలుపు తెలుపులో వాడు మాత్రమే కనపడతాడు.

కన్యాదానం ఫోటోను ఏం చేసినామంటే, పిల్ల అసలు రంగు ఫోటో ఫోన్లో తెరిచి అవ్వ పక్కన కూర్చునింది. లైట్‌రూంలో ఒక్కొక్క రంగుకు వేరే మీట ఉంటుంది. మన చర్మం ఎక్కువగా ఆరెంజ్ మీటలో పడుతుంది, కుంకుమ రెడ్ మీటలో. ఆరెంజ్ కొంచెం పైకి, రెడ్ బాగా కిందికి తెచ్చింది. ముఖం ముఖంగానే ఉంది, బొట్టు నల్లగా గుండ్రంగా లేచి వచ్చింది. "ఆ, ఇప్పుడు ఉండాది" అనింది అమ్మ. తరువాత తలంబ్రాల ఫోటో చూసి, "ఇవి పసుపు బియ్యం, మట్టి మాదిరి చెయ్యొద్దు" అని చెప్పి ఎల్లో మీట పైకి ఎత్తించింది. చివరకు ఆల్బంకు ఒప్పుకునింది. "గోడకు మాత్రం రంగుదే వెయ్యండి" అనింది. అట్లనే వేసినాము.

మన ఇండ్లలో పెండ్లి జరిగేవాళ్ళు ఈ నాలుగు చూసుకోండి.

1. నలుపు తెలుపు చేసినా రంగు ఫోటో చెరపవద్దు. వేరే పేరుతో సేవ్ చెయ్యమనండి. ఒకసారి రంగు పోయిన ఫైలు నుంచి ఆ రంగు తిరిగి రాదు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే ఫోటో నలిగిపోతుంది.

2. స్నాప్‌సీడ్‌లో చేసేవాళ్ళు రెడ్ ఫిల్టరు వేస్తే బొట్టు, ఎర్ర అంచు, పారాణి చూసుకోండి. గ్రీన్ వేస్తే బొట్టు నిలబడుతుంది, చర్మం కొంచెం ముదురుగా వస్తుంది. ఉండనీండి, అది మన రంగే.

3. ప్రింటు వేసే ముందు ఆ ఇంటి పెద్దావిడ ఒకరికి చూపించండి. స్టూడియో పిల్లోడికి వెలుతురు తెలుసు, ఎవరి నొసట ఏముండాలో ఇంటివాళ్ళకే తెలుసు.

4. ఇంట్లో పాత పెండ్లి పటాలు ఉంటే, ఆ చీర రంగు తెలిసినవాళ్ళు ఉండగానే అడిగి రాసి పెట్టండి. బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందు పక్కకు గుర్తు పడుతుంది. పెన్సిల్ చాలు.

మీ ఇంటి పటంలో చీర ఏ రంగో కింద రాయండి. చదవాలని ఉంది.