నలుగురు మిత్రులు... ఒక టైగర్!

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాదాపు నలభై కిలోమీటర్లు. కారెక్కితే గంటలోపే చేరిపోవచ్చు. ఆ కాస్త దూరానికి ముగ్గురు పాత మిత్రులు ఒక పూటంతా తీసుకున్నారు. నాలుగోవాడు అవతల ఎదురుచూస్తున్నాడు. కారు వెనక సీట్లో ఒక కుక్క... ఆ రోజు కథే ఇది.

తెల్లవారి ఐదున్నర. నంద్యాలలో ఓ వీధి. గేటు కిర్రుమంది. స్టీలు గిన్నె అరుగుమీద పెట్టిన చప్పుడు వినగానే తోక ఊపుకుంటూ వచ్చేశాడు టైగర్.

పేరుకే టైగర్! ఎదురింటి పిల్లి కనబడితే పక్క సందులోంచి వెళ్తాడు. తొమ్మిదేళ్ల కిందట వానలో తడుస్తూ ఈ గేటు కిందనుంచి దూరి వచ్చిన వీధికుక్క పిల్ల. ఎడమ చెవి అప్పటికే సగం తెగి ఉంది. ఇంటావిడ గుప్పెడు పెరుగన్నం పెట్టింది. మర్నాటి నుంచి ఇల్లు వాడిదైపోయింది. ఆమె పోయి మూడేళ్లు. పొద్దుటి గిన్నె మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

ఆ ఇంటాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు బెంగళూరులో ఉంటాడు. 'ఒక్కడివే ఎందుకు నాన్నా' అని రెండేళ్లుగా అడుగుతుంటే చివరికి సరేనన్నాడు. వచ్చే వారమే ప్రయాణం. అక్కడ పదకొండో అంతస్తు. ఇక్కడేమో టైగర్ మెడకు ఇంతవరకూ గొలుసు పడలేదు. పగలు వీధంతా తిరగాలి, రాత్రి గేటు దగ్గర పడుకోవాలి. వాణ్ని లిఫ్టులో ఊహించుకోలేకపోయాడు పెద్దాయన.

విషయం తెలిసి ఆళ్లగడ్డలో ఉండే శిల్పి మిత్రుడు ఫోన్ చేశాడు. "మా షెడ్డుకు తోలుకరాప్పా. జాగాకేం తక్కువ?"

అలా కుదిరిందీ ప్రయాణం. కారు బియ్యం వ్యాపారిది. మూడో మనిషి రిటైరైన తెలుగు మాస్టారు. అందరూ 1980ల మొదట్లో ఒకే బెంచీ మీద కూర్చుని పదో తరగతి చదివినవాళ్లే. "ఎట్లాగూ పోతాండాం. దారిలో మహానంది చూసుకుని పోదాం" అన్నాడు మాస్టారు. అది దారిలో లేదని ముగ్గురికీ తెలుసు. ఎవరూ కాదనలేదు.

ఉగ్గానితో మొదలు

నంద్యాలలో రోజు మొదలయ్యేది ఉగ్గానితోనే. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. టిఫిన్ బండి దగ్గర ముగ్గురూ మూడు ప్లేట్లు చెప్పారు. బండి ఆయన టైగర్‌ను చూసి, అడక్కుండానే రెండు ఇడ్లీలు కాగితంలో పెట్టి కింద ఉంచాడు. "వీడు తిన్న్యాడా అని ముందు అడగాల గదన్నా!" అని కసురుకున్నాడు కూడా.

ఈ ఊరికి పేరు తెచ్చింది నందులు. చుట్టుపక్కలున్న తొమ్మిది శైవక్షేత్రాలను కలిపి నవనందులంటారు. ప్రథమనంది, నాగనంది, సోమనంది పట్టణంలోనే ఉన్నాయి. కార్తీకమాసంలో తొమ్మిదింటినీ ఒకే రోజున దర్శించుకునే భక్తులెందరో. రాజకీయాల్లోనూ ఊరిది పెద్ద పద్దే. 1977లో ఇక్కడ ఎంపీగా గెలిచిన నీలం సంజీవరెడ్డి అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. ప్రధాని అయ్యాక పి.వి.నరసింహారావు 1991 ఉప ఎన్నికలో పోటీచేసింది ఇక్కడే. ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించారు నంద్యాల ఓటర్లు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లా కేంద్రమైంది.

బియ్యం వ్యాపారిని కదిపితే మాత్రం వేరే చరిత్ర చెబుతాడు. ఆయన లెక్కలో ఊరిని నిలబెట్టింది కె.సి.కెనాల్. కర్నూలు, కడపలను కలుపుతూ 19వ శతాబ్దంలో తవ్విన ఈ కాలువలో పడవలు కూడా నడపాలనుకున్నారు. పడవలు పోయాయి, పైరు మిగిలింది. కర్నూలు సోనా అంటే హైదరాబాద్‌లోనూ ఎగబడి కొంటారంటే ఈ నీళ్ల చలవేనంటాడాయన. "ఊరు వదిలిపోయేవాళ్లకు బస్తా బియ్యం ఫ్రీ" అన్నాడు నవ్వుతూ. బ్యాంకు మిత్రుడు నవ్వలేదు. కాసేపు కార్లో ఎవరూ మాట్లాడలేదు.

గేటు బయట ఒకరు

మహానంది నంద్యాలకు పదిహేను కిలోమీటర్ల దూరం. నల్లమల కొండలు దగ్గరపడుతున్న కొద్దీ రోడ్డుకు రెండువైపులా అరటి తోటలు చిక్కబడతాయి. కిటికీలోంచి తల బయటపెట్టి, తెగిన చెవి గాలికి రెపరెపలాడుతుంటే కళ్లు మూసుకున్నాడు టైగర్. కారు ప్రయాణం వాడికిదే మొదలు.

గుడి దగ్గర చిక్కొచ్చింది. కుక్కను లోపలికి తీసుకెళ్లకూడదు కదా! ఒకరు బయట ఉండాలి. వంతులేసుకున్నారు. మొదటి వంతు మాస్టారిది.

మహానందిలో చూడాల్సింది నీరు. గర్భాలయంలో లింగం కింద ఊరే జల బయటికి వచ్చి కోనేరు నింపుతుంది. ఎప్పుడు చూసినా అయిదడుగుల లోతే. అడుగున పడిన నాణెం బొమ్మో బొరుసో చెప్పగలిగేంత స్వచ్ఛత! ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా ఉంటుందని భక్తులు మురిసిపోతారు. కోనేరు దాటిన నీరే చుట్టూ ఉన్న పొలాలను, అరటి తోటలను తడుపుతుంది. పైకి చూస్తే చాళుక్యుల నాటి నాగర శైలి శిఖరం. లోపల లింగం తల కాస్త అణగి ఉంటుంది. పుట్టలోని స్వామికి పాలిస్తున్న ఆవు, మనుషుల అలికిడికి బెదిరి కాలు వేసిందనీ, అది దాని గిట్ట గుర్తేననీ స్థలపురాణం. ఒక మూగజీవం అడుగును నెత్తిన మోస్తున్న దేవుడన్నమాట!

బ్యాంకు మిత్రుడు కోనేట్లో మూడు మునకలేసి ఎక్కువసేపు నిలబడిపోయాడు. ఏడాదికోసారి భార్యతో వచ్చేవాడు. ఆమె మెట్టుమీద కూర్చుని తువ్వాలు పట్టుకునేది. ఈసారి తువ్వాలు వ్యాపారి చేతిలో ఉంది.

బయటికొచ్చేసరికి వేపచెట్టు కింద మాస్టారు, ఆయన కాళ్ల దగ్గర టైగర్. "దర్శనం చేసుకుని రాపో, నేనుంటా" అన్నాడు వ్యాపారి. "ఇయ్యాల నాకిదే దర్శనంలేప్పా" అని కదల్లేదు మాస్టారు.

భారతంలో కుక్క

మళ్లీ నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ దారి పట్టారు. శిరివెళ్ల దాటాక మాస్టారు పాఠం మొదలుపెట్టాడు. "భారతం ఎట్లా మొదలైతాది చెప్పండి?" ఇద్దరూ బిక్కమొహం వేశారు. నలభై ఏళ్ల కిందటి క్లాసులోనూ ఇదే మొహం.

నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ వస్తుంది. సరమ దేవలోకపు కుక్క. దాని పిల్ల ఆడుకుంటూ జనమేజయుడి యాగశాలలోకి వెళితే, రాజు తమ్ముళ్లు ఊరికే కొట్టారు. ఏ తప్పూ చేయని పిల్లను ఎందుకు కొట్టారని తల్లి నిలదీసింది. అనుకోని భయాలు వచ్చిపడతాయని హెచ్చరించి వెళ్లిపోయింది. ఇక చివర్లో... స్వర్గం వాకిట్లో ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, వెంట నడిచొచ్చిన కుక్కను వదిలి రానన్నాడు ధర్మరాజు.

"అంటే నేను..." అని ఆగిపోయాడు బ్యాంకు మిత్రుడు.

మాస్టారు నాలుక కరుచుకున్నాడు. పాఠం ఇటు తిరుగుతుందని ఆయన అనుకోలేదు. కాసేపాగి అన్నాడు. "ధర్మరాజుకు ఆళ్లగడ్డలో స్నేహితుడు లేడు కదప్పా!"

ఈ ప్రాంతానికి అన్నం పెట్టే మనుషులు కొత్త కాదు. ఆళ్లగడ్డకు చేరువలోని ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరవులో వేలమందికి రోజూ అన్నం పెట్టించి దాతగా నిలిచిపోయాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. కరవులు చూసిన సీమ కాబట్టేనేమో, ఇక్కడ పలకరింపు 'బాగున్నావా' కంటే ముందు 'తిన్న్యావా' అని మొదలవుతుంది.

ఉలి చప్పుడు

ఆళ్లగడ్డ అంటే రాతిపని. ఇక్కడి శిల్పుల చేతిలో రూపుదిద్దుకున్న దేవతామూర్తులు ఎన్నో ఊళ్ల గుళ్లలో పూజలందుకుంటున్నాయి. ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రాయిని ముందు తట్టి చూస్తారు. గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. కొలతలు గీసి, వృథా రాయి తీసేసి, ఆపైన అవయవాలు, చివరికి నగలు, నునుపు. ఒకప్పుడు అంతా ఉలీ సుత్తే. ఇప్పుడు కటింగ్ మిషన్లు వచ్చాక నెలల పని వారాల్లోకి వచ్చింది. దుమ్మూ పెరిగింది.

కారు దిగగానే ఆ మిషన్ మోతకు టైగర్ హడలిపోయి సీటు కింద దూరాడు. ఎంత పిలిచినా రాడు. బ్యాంకు మిత్రుడి మొహం వాడిపోయింది. రోజూ ఈ మోతలో వీడెలా బతుకుతాడు?

శిల్పి ఏమీ అనలేదు. లోపలికెళ్లి స్విచ్ ఆపేశాడు. పనివాళ్లు ఆశ్చర్యంగా చూశారు. ఉలి, సుత్తి తీసుకుని కూర్చున్నాడు. టక్... టక్... టక్... పది నిమిషాలకు టైగర్ తల బయటికొచ్చింది. పావుగంటకు రాతి పొట్టు మీద వాసన చూస్తూ షెడ్డంతా తిరిగాడు. "మిషన్లు ఆ కొసకు మార్పిస్తా. నాలుగు రోజుల్లో అలవాటు పడతాడు. అందాకా చేత్తోనే చేస్తా, చేతికి పనుండాల కదా" అన్నాడు శిల్పి.

ఆయన ముందున్నది దత్తాత్రేయుడి విగ్రహం. వెనక ఆవు, కాళ్ల దగ్గర నాలుగు కుక్కలు. ఆ నాలుగూ నాలుగు వేదాలంటారు. మూడు పూర్తయ్యాయి. నాలుగోదానికి మొహం ఇంకా రాలేదు. శిల్పి టైగర్ వైపు చూస్తూ ఉలి ఆడించాడు. "చెవి కూడా వీడిదే పెడతావా?" అన్నాడు వ్యాపారి. "భిన్నమైతే పూజకు పనికిరాదప్పా. చెవి నిండుగా పెట్టాల్సిందే. చూపు మాత్రం వీడిదే!"

శిల్పి భార్య జొన్నరొట్టెలు, ఊరిబిండి, గుత్తివంకాయ వడ్డించింది. "ఎంతకాలమైందన్నా మీరందరూ కలిసొచ్చి" అంటూనే మరో రొట్టె తుంచి పెరుగులో కలిపి మనవడి చేతికిచ్చింది. ఆ పిల్లాడు టైగర్ ముందు పెట్టి, తినేదాకా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

అహోబిలం పోదామా అన్నాడు వ్యాపారి. పాతిక కిలోమీటర్లే. నవనారసింహులు కొలువైన కొండ. కనుమ పండగ నుంచి నలభై రోజులకు పైగా ఉత్సవమూర్తులు పల్లకీలో ఊరూరా తిరిగే పారువేట అక్కడి ప్రత్యేకత. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి అత్తవారి ఊళ్లకు వస్తాడని జనం నమ్మకం. "వీణ్ని తీసుకుని మాత్రం వద్దు. అడవిలో చిరుతలుంటాయి. వాటికి కుక్కంటే మహా ఇష్టం" అన్నాడు శిల్పి. "టైగర్ ఉండగా చిరుతకు భయమా!" అన్నాడు మాస్టారు. నలుగురూ పగలబడి నవ్వారు. బ్యాంకు మిత్రుడు ఆ రోజు నవ్వింది అప్పుడే.

చెప్పి వెళ్లాలి

సాయంత్రమైంది. టైగర్ మనవడి పక్కన నిద్రపోతున్నాడు. "ఇప్పుడే పోండి, లేస్తే కష్టం" అన్నాడు శిల్పి.

బ్యాంకు మిత్రుడు ఒప్పుకోలేదు. దొంగలా పోనన్నాడు. నెమ్మదిగా తట్టి లేపాడు. కార్లోంచి స్టీలు గిన్నె తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. తెగిన చెవి నిమిరి, "పోయొస్తా రా" అన్నాడు. ఈ సీమలో ఎవరూ 'పోతా' అని ఊరుకోరు. రాకకు చోటుంచే చెబుతారు.

కారు కదిలాక టైగర్ గేటు దాకా పరుగెత్తాడు. పిల్లాడు పిలిచాడు. అటూ ఇటూ చూస్తూ మధ్యలో నిలబడిపోయాడు. మలుపు తిరిగేదాకా కార్లో ముగ్గురూ వెనక్కే చూశారు. రాత్రి పదింటికి మాస్టారు తన ఇంటి ముందు దిగలేదు. "ఇయ్యాల మీ ఇంట్లో పడుకుంటాం" అన్నాడు. వ్యాపారి అప్పటికే కారు పార్కు చేస్తున్నాడు.

తెల్లవారి ఐదున్నర. అలవాటుగా గేటు తీశాడు పెద్దాయన. అరుగు ఖాళీగా ఉంది. అంతలో ఫోన్ మోగింది. ఆళ్లగడ్డ నుంచి. మాట్లాడింది మనవడు.

"తాతా... తిన్న్యాడు!"