కాళ్ళ వాసనకు లీటరు నీళ్ళు చాలు

అనంతపురం,
ఆషాఢ మాసం

ప్రియమైన పాఠకులకు,

బడులు తెరిచారు. గుమ్మం పక్కన పిల్లల బూట్లు వచ్చి చేరాయి. ఎండల గురించి మీ నుంచి ఎన్ని ఉత్తరాలు వచ్చాయో, కాళ్ళ వాసన గురించీ ఇంచుమించు అన్నే వచ్చాయి. ఎండల మీద రాసినవాళ్ళు పేరూ ఊరూ రాశారు, వీళ్ళు మాత్రం రాయలేదు. అందుకే జవాబు అందరికీ కలిపి ఇస్తున్నాను.

సిగ్గుపడేంత విషయమేమీ కాదిది. మన పెద్దలు మెట్లేసుకునో వట్టి కాళ్ళతోనో శనక్కాయ చేలల్లో తిరిగినప్పుడు వాళ్ళ మడమలు పగిలేవి గానీ, పాదాలు కంపు కొట్టడం తక్కువే. మన పొడిగాలికి చెమట పట్టీ పట్టకముందే ఆరిపోయేది. ఇప్పుడు కాళ్ళకు మూత పడింది. 2020లో విద్యాకానుక కిట్లతో బూట్లు, రెండు జతల సాక్సులు ఇవ్వడం మొదలయ్యాక సర్కారు బడి పిల్లలూ బూట్లలోకి వచ్చారు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, దాని చుట్టూ లేచిన విడిభాగాల కంపెనీలు వచ్చాక షిఫ్టంతా సేఫ్టీ బూట్లే. వానల్లేక బెంగళూరు పోయి సెక్యూరిటీ గార్డులుగా కుదిరినవాళ్ళు పన్నెండేసి గంటలు నల్లబూట్లలో నిలబడుతున్నారు. వాసన పాదానిది కాదు, ఆ మూతది.

రెండు పాదాలకూ కలిపి సుమారు 2,50,000 చెమట గ్రంథులు ఉంటాయి. చెమటకు స్వతహాగా వాసన లేదు. వెచ్చగా తడిగా ఉన్న బూటులో, మన చర్మం మీద ఎప్పుడూ కాపురముండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే సూక్ష్మజీవి చెమటలోని ల్యూసిన్‌ను విరగ్గొట్టి ఐసోవాలెరిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఆ పులిసిన వాసన దానిదే. బ్రెవిబ్యాక్టీరియం అనే మరో జాతి చచ్చిన చర్మాన్ని తిని గంధకపు కంపు వదులుతుంది. ఐరోపావాళ్ళు ఇష్టంగా తినే లింబర్గర్ జున్నుకు ఆ ఘాటు తెచ్చేదీ ఈ జాతే. ఆఫ్రికా మలేరియా దోమకు ఆ జున్నన్నా మనిషి పాదాలన్నా ఒకే మోజు అని తేల్చినందుకు బార్ట్ నోల్స్ బృందానికి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది.

ఇక వైద్యం. చిట్కాల పుస్తకాలు తెరిస్తే నాకు చిరాకేస్తుంది. ఎక్కడ చూసినా బకెట్ నిండా గోరువెచ్చటి నీళ్ళు పట్టి పాదాలు ముంచమంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడేచోట, ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే వీధిలో, పాదాలకు రోజుకో బకెట్టా? మునగాల్సింది అరికాలే. బేసిన్‌లో లీటరు నీళ్ళు పోస్తే అది మునుగుతుంది.

ఆ లీటరులో వేయడానికి బయటిదేశాలవాళ్ళు టీపొడి చెబుతారు. మనకు నల్లతుమ్మ ఉంది, తంగేడు ఉంది. మన ఊళ్ళలో మాదిగలు తోళ్ళకు సున్నంతో వెంట్రుకలు ఊడ్చి, లంద తొట్టిలో తంగేడు చెక్క వేసి ఊనేవారు. ఆ చెక్కల్లోని టానిన్ తోలును బిగించి కుళ్ళకుండా కాపాడుతుంది. టీలో ఉన్నదీ అలాంటి వగరే. నోట్లో నాలుకను బిగబట్టే ఆ గుణమే అరికాలి చర్మాన్నీ కొంత బిగించి చెమటను తగ్గిస్తుంది. చెప్పు తయారుచేసినవాళ్ళ చేతిలోనే చెప్పులోని కాలికి మందు కూడా ఉండిందంటే నాకు ముచ్చటగా ఉంటుంది. గుప్పెడు తుమ్మచెక్క లీటరు నీళ్ళలో వేసి, ఎర్రటి డికాక్షన్‌లా అయ్యేదాకా మరగనిచ్చి, పూర్తిగా చల్లార్చి, వడగట్టి, రాత్రి ఇరవై నిమిషాలు అరికాళ్ళు అందులో ఉంచండి. వారం రోజులు చేసి చూడండి. అరికాళ్ళు కాస్త గోధుమరంగుకు తిరుగుతాయి, భయపడొద్దు. తెల్ల సాక్సులకు మాత్రం ఆ మరక వదలదు. చెక్క దొరక్కపోతే రెండు కరక్కాయలు దంచి వేయండి. అదీ లేకపోతే టీపొడే.

పటిక ఇంకా సులువు. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే ఆ బిళ్ళే. పడుకునేముందు కాళ్ళు కడిగి, తడి అరికాలి మీద రుద్ది అలాగే ఆరనివ్వండి. రాత్రిపూట చెమట తక్కువ కాబట్టి మందు నిలుస్తుంది. కంపెనీలు చెమట ఆపడానికి అమ్మే స్టిక్కుల్లో ఉండేవీ అల్యూమినియం లవణాలే. పటిక వాటి పేదింటి చుట్టం, పనిలో కాస్త నెమ్మది. మడమల పగుళ్ళకు తగలనివ్వకండి, భగ్గుమంటుంది.

వేపాకు నీళ్ళు మంచివే, ఆశ మాత్రం ఎక్కువ పెట్టుకోవద్దు. వంటసోడా చర్మం మీద కాదు, రాత్రికి బూట్లలో చల్లి పొద్దున దులిపేయండి. నిమ్మచెక్క రుద్దమని ఎవరైనా చెబితే వినకండి. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడతాయి. అదీ మన అనంతపురం ఎండ!

కాలికి ఎంత చేసినా బూటు ఆరకపోతే దండగ. ఒకసారి చెమటకు నానిన బూటు పూర్తిగా ఆరడానికి ఒక రోజన్నా పడుతుంది. రెండు జతలుంటే మార్చి మార్చి వేసుకోవాలి. ఒకటే ఉంటే ఇంటికి రాగానే లోపలి అట్ట బయటికి లాగి, నాలుక ఎత్తి, గాలి వీచేవైపు మూతి తిప్పి పెట్టండి. మండుటెండలో పడేస్తే అతుకులు ఊడతాయి. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పే ఈ ఆషాఢం గాలికి బూటొక లెక్కా? తేమకు ఆరబెట్టలేక కోస్తావాళ్ళు అవస్థపడతారు, మనకు పొడిగాలి ఊరికే దొరుకుతోంది. సాక్సులు తిరగేసి ఉతకండి, తిరగేసే ఆరేయండి. చచ్చిన చర్మం ఉండేది లోపలివైపే. మగ్గెడు సబ్బునీళ్ళు, జాడించడానికి ఇంకో మగ్గు చాలు. కాలివేళ్ళ సందులు గుడ్డతో ఒత్తుకోవడం మాత్రం మరవొద్దు.

షుగరు ఉన్నవాళ్ళకు ఇవేవీ చెప్పడం లేదు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు నీళ్ళ వేడి తెలియదు, చిన్న పుండు పెద్దదవుతుంది. డాక్టరును అడగకుండా నానబెట్టడం, రుద్దడం వద్దు. అరికాలి మీద సూదితో పొడిచినట్టు చిన్నచిన్న గుంటలు కనిపిస్తే అది బ్యాక్టీరియా తిన్న గుర్తు, పూతమందుతో తగ్గుతుంది. వేళ్ళ మధ్య తెల్లగా నాని దురద పెడుతుంటే బూజుజాతి తామర, దానికి మందు వేరు. చల్లగా కూర్చున్నా పాదాలు కారిపోయేవాళ్ళు కొందరుంటారు, వాళ్ళకు ఈ చెక్కలూ బిళ్ళలూ చాలవు. రెండు వారాలకూ మార్పు లేకపోతే సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోండి. వెళ్ళేటప్పుడు ఆ బూట్లే వేసుకెళ్ళండి, వాటినీ చూడాలి కదా.

మడమల పగుళ్ళ గురించి వచ్చే నెల రాస్తాను.

ఉంటాను మరి.