బాటకు పెట్టిన పేరు

బంధువులనగా రక్తసంబంధము గలవారేయని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. మైల పట్టుటకును, పిండము పెట్టుటకును గోత్రమును తరములను లెక్కింతుము. కాని మృతునికై కన్నీరు కార్చువారందరును మైల పట్టువారు కారు. కలిసి చదివినవారు, కలిసి యాడినవారు, ఒక మూటలోని చద్దియన్నమును పంచుకొని తిన్నవారు కలరు. వారి దుఃఖమునకు ఇన్ని దినములని యెవరును చెప్పలేదు. వారెక్కడ కూర్చుండి యేడ్వవలెను? ఏ కర్మము చేసి ఋణము తీర్చుకొనవలెను? ఈ ప్రశ్నకు నాకొక సమాధానము, నేనెన్నడును చూడని కెనడా దేశపు సైకిలు పందెగాండ్ర వలన దొరకినది. దానిని మీతో చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా పెద్దబ్బాయికి పదుమూడవ యేడు. కొండలమీద నడుపు గేర్ల సైకిలు కొనిపెట్టుమని వాడు కొన్ని నెలలుగా పోరుచున్నాడు. ఒక ఆదివారమునాడు వాడు తండ్రిని నన్ను కూర్చుండబెట్టి, 2021లో వెలువడిన 'లాంగ్ లివ్ చైన్‌సా' అను చలనచిత్రమును చూపెను. చైన్‌సా యనగా మ్రాకులు కోయు యంత్రపు ఱంపము. అది యొక యువకుని ముద్దుపేరు. వాని యసలు పేరు స్టీవ్ స్మిత్. ఆంగ్లము నాకు తెలియని చోట్ల మావారు అర్థము చెప్పుచుండిరి.

ఈ యాట పుట్టుక చిత్రమైనది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి మారిన్ ప్రాంతమున కొందరు యువకులు పాతబడిన బరువు సైకిళ్ళను కొండమీదికి చేర్చి, మట్టిబాటవెంట క్రిందికి నడపుచుండిరి. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పందెము జరిగినది. ఆ సైకిళ్ళకు పెడలు వెనుకకు త్రొక్కినచో చక్రపు కుండలో పనిచేయు బ్రేకు మాత్రమే యుండెడిది. ఒక్కమారు కొండ దిగునప్పటికి ఆ కుండలోని గ్రీజు మాడి పొగయై పోవుటచే, మరల క్రొత్త గ్రీజు కూరవలసి వచ్చెడిది. అందుచేతనే యా బాటకు 'రీప్యాక్' అను పేరు వచ్చినది. మరుసటి యేడు జో బ్రీజ్ అను నతడు కొండబాటలకే తగిన క్రొత్త సైకిలు నిర్మించెను. నేడు ప్రపంచమంతట జరుగుచున్న కొండదిగు పందెములకు మూలమిదియే.

స్టీవ్ స్మిత్ 1989లో జన్మించెను. కెనడాకు పడమటనున్న వాంకూవర్ ద్వీపమున, నానైమో పట్టణము చెంత కాసిడీ యను చిన్న యూరు వానిది. తల్లి తానొక్కతెయే వానిని పెంచినది. 2010లో ప్రపంచ పోటీలయందు వాడు రెండవవాడుగా నిలిచెను. 2013లో ప్రపంచ కప్పు పందెములు పెక్కుదేశములలో జరుగగా, చివరి పందెము ఆస్ట్రియాలోని లియోగాంగ్ కొండమీద వచ్చెను. అప్పటికి బ్రిటనుకు చెందిన జీ ఆథర్టన్ ముందుండెను. ఆ దినమున స్మిత్ గెలిచి, మొత్తము 1199 గుణములతో ఆ సంవత్సరపు కప్పును చేకొనెను. కొండదిగు పందెములలో ఈ గౌరవము పొందిన మొదటి కెనడా వాడతడే. తరువాత గాయములు వానిని వెనుకకు లాగెను. మరల కోలుకొని పందెములకు వచ్చిన 2016లోనే, మే నెల 10వ తేదీన, మోటారు సైకిలు ప్రమాదమున తలకు తగిలిన దెబ్బచే వాడు మరణించెను. అప్పటికి వానికి ఇరువది యాఱేండ్లు. ప్రపంచములోని కఠినమైన కొండలన్నియు దిగి ప్రాణముతో వచ్చిన వాడు, తన యింటి ప్రాంతముననే పోయెను.

అటుపిమ్మట తోటివారు చేసిన పనియే నన్నాకర్షించినది. వారు ఏడ్చి యూరకుండలేదు. విస్లర్ అను కొండయూరి సైకిలు తోటలో నొక కఠినమైన బాటకు '1199' అని పేరు పెట్టిరి. అందు దిగు ప్రతి కుఱ్ఱవాడును ఆ యంకె యేమని యడుగును. ఎవరో యొకరు చెప్పుదురు. నానైమోలో పిల్లలు సైకిలు నేర్చుకొను తోటకు వాని పేరు పెట్టబడినది. వాని పేరనే యొక ధర్మసంస్థ యేర్పడి క్రొత్తగా వచ్చు బాలబాలికలకు తోడ్పడుచున్నది. అనగా వాని పేరు ఱాతిమీద చెక్కబడి మూలబడలేదు. ఎప్పుడును నలుగురి నోట, నలుగురి కాళ్ళ క్రింద మెలగుచున్నది.

సైకిలువారిలో నిట్టి యాచారములు మఱికొన్ని కలవు. 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున, బండి తగిలి సైకిలువాడు పడిన చోట, తెల్లరంగు పూసిన సైకిలు నొకదానిని నిలిపిరి. నేడది పెక్కుదేశముల వీథులలో కానవచ్చును. ఆ యేడే డల్లాసు నగరమున 'మౌనయాత్ర' ఆరంభమైనది. ఏటేట మే నెల మూడవ బుధవారమునాడు సైకిలువారు గుమిగూడి, గంటకు పండ్రెండు మైళ్ళు మించని వేగముతో, ఒక్క మాటయైనను పలుకక సాగిపోవుదురు. శాస్త్రము విధింపని చోట స్నేహము తనకు తానే యొక విధిని కల్పించుకొన్నది.

ఈ సంగతి నా మనస్సున కింతగా నాటుటకు కారణము వేఱొకటి కలదు. నాకొక తమ్ముడుండెడివాడు. పందొమ్మిదవ యేట గోదావరి కాలువలో మునిగి పోయెను. నాకప్పుడు వివాహమై యొక యేడు. వాడు మా యూరి వాలీబాలు జట్టులో మేటి. ఆ సాయంకాలము జట్టువారైదుగురు మా యింటి యరుగు చెంతకు వచ్చి, చేతులు కట్టుకొని చీకటిపడు వరకు నిలిచి, మాటాడకయే వెడలిపోయిరి. ఆ పిమ్మట వారు మా గడప త్రొక్కలేదు. మా నాన్నగారు వాని బంతిని, చొక్కాలను, ఛాయాపటమును పెట్టెలో పెట్టి తాళము వేసిరి. అమ్మ గుండె చెదరునను దయచేతనే మా యింట వాని పేరెవరును పలుకకుండిరి. నాన్నగారును కాలము చేసిన తరువాత అమ్మ మాయొద్దనే యున్నది. పదునాఱేండ్లు ఆ పేరు మా యింట వినబడలేదు.

చలనచిత్రము ముగియగనే మా యబ్బాయి, "అమ్మా, కాలువలో పోయిన మామయ్య పేరేమి?" అని యడిగెను. ప్రక్కగదిలో అమ్మ బియ్యమేరుచుండెను. చేటలో బియ్యపు చప్పుడు నిలిచిపోయినది. నేను సమాధానము చెప్పుటకు నోరు తెఱచులోపల అమ్మయే గడపలోనికి వచ్చి వాని పేరు చెప్పినది. చెప్పి, "వానిని గూర్చి నాకు తెలిసినది కొంచెమే. ఇంటిలో నున్నంతసేపు అన్నము తినుటకును, నిద్రపోవుటకును మాత్రమే యుండెడివాడు. తక్కిన బ్రదుకంతయు ఆ జట్టు పిల్లల యొద్దనే" అన్నది.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. భారతమున అభిమన్యుడు పడినపుడు సుభద్ర విలపించిన ఘట్టమును నేను బాల్యముననే తాతగారి యొద్ద చదివితిని. కాని ఆ బాలుడు పద్మవ్యూహమున నెట్లు నిలిచెనో తల్లి కన్నులార చూడలేదు. కూడ నున్నవారు వచ్చి చెప్పిననే గదా యామెకు తెలియును! తల్లి యెఱిగినది యింటి కుమారుని. స్నేహితు లెఱిగినది వీథి కుమారుని. రెండును కలిసిననే యా మనిషి పూర్తియగును.

ఈ యేడు తమ్ముని తిథికి మావారు ఆ యైదుగురి జాడ తెలిసికొని జాబులు వ్రాసిరి. నలుగురు వచ్చిరి. ఒకరికి తల నెఱసినది. భోజనములైన పిదప మొదట ఎవరును పెదవి కదపలేదు. తుదకొకరు, "పిన్నిగారూ, మీవాడు ఓడిన యాటకు గెలిచినవారికంటె బిగ్గరగా నవ్వెడివాడు" అనెను. అంతట కట్ట తెగినట్లయినది. అమ్మ సాయంకాలము వరకు వినుచునే యుండెను. నడుమ నడుమ ఏడ్చెను. రెండు మాఱులు నవ్వెను. వెడలునపుడు వారు మా యూరి పాఠశాలకు వలయును, బంతులును ఏటేట పంపుదుమని మాట యిచ్చిరి. అమ్మ పెట్టె తాళము తీసి పాతబంతిని వారి చేత నుంచినది.

సైకిలు మాట యేమైనదని మీరడుగుదురేమో. కొన్నాము. శిరస్త్రాణము లేక గడప దాటరాదని నియమము పెట్టితిమి. నీరు పుత్రుని తీసికొన్నదని మనము దాహము మానుకొనలేదు. బాట పుత్రుని తీసికొన్నదని నడక మానుకొనజాలము. భయము నాకున్నది. అది తల్లితో పుట్టినది, తల్లితోనే పోవును.

సోదరీమణులారా! మీ యింటనో, ఇరుగింటనో ఇట్టి యాపద కలిగినపుడు, అరుగు చెంత చేతులు కట్టుకొని నిలిచిన కుఱ్ఱవాండ్ర నొక్కమాఱు చూడుడు. వారికి మైల లేదు, పిండము లేదు, ఏడ్చుటకు చోటును లేదు. లోనికి పిలిచి, మంచితీర్థమిచ్చి కూర్చుండబెట్టుడు. పోయిన బిడ్డ పేరు వారియెదుట మీరే ముందుగా పలుకుడు. తక్కినది వారు చెప్పుదురు.