మూడో మనిషి

2024 సంక్రాంతికి మా తమ్ముడు ఇచ్ఛాపురం నుంచి తన పాత స్కూటరు మీద బరంపురంలోని మా ఇంటికి వచ్చాడు. పండగ అయ్యాక బస్సెక్కి వెళ్లిపోయాడు. స్కూటరు మా గుమ్మంలో ఉండిపోయింది. "నేను కొత్తది కొనుక్కున్నానక్కా. ఇది మేనల్లుడికి" అన్నాడు.

అప్పటికే మావారికి మోటారు సైకిలు ఉంది. రెండో బండి కావాలని మేము అనుకోలేదు. కాని మేనమామ ఇచ్చినదాన్ని కాదనేదెవరు? మావాడి ఆనందం చెప్పనలవి కాదు. రోజుకి రెండుసార్లు బండి తుడిచేవాడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. వాడికి పద్దెనిమిదేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది.

"పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారట కదమ్మా" అన్నాడు ఓ రోజు. అది నిజమే గాని, యాభై సి.సి. లోపు బండికి మాత్రమే. ఇది నూట పది. "ట్యూషనుకేగా, మన వీధి దాటితే వచ్చేస్తుంది. పక్కింటి పిల్లలు నడపడం లేదూ?" అని మావారు వాడికి వత్తాసు పలికారు. నేను మాట్లాడకుండా తాళం చెవి తీసి బీరువాలో పెట్టేశాను. ఇద్దరూ నన్ను మొండిదాన్నన్నారు. మొండిదాన్నే. దానికో కారణం ఉంది.

మా నాన్నగారు పట్టు నేసేవారు. మగ్గం గుంటలో కూర్చుని, చేతులతో నాడె ఆడిస్తూ, కాళ్లతో పలకలు తొక్కుతూ నెయ్యడం మీలో కొందరైనా చూసే ఉంటారు. చూసేవాళ్లకి చేతి పనే కనబడుతుంది. కాని మగ్గం నడిచేది కాళ్లతోనే. 1991లో ఒక సాయంత్రం నాన్న చీర అప్పగించి సైకిలు మీద వస్తుంటే వెనకనుంచి ఒక స్కూటరు గుద్దింది. నడిపినవాడు మా పక్క వీధి కుర్రాడే. పదిహేడేళ్లు. వాళ్ల నాన్న నిద్రపోతుంటే బండి తీసుకొచ్చాడు. బండికి ఇన్సూరెన్సు గడువు తీరిపోయి నెలలు గడిచిపోయిందని తరువాత తెలిసింది.

నాన్న కుడి కాలు మోకాలి దగ్గర విరిగింది. అతుక్కుంది గాని మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. ముడవలేని కాలితో మగ్గం గుంటలోకి దిగడమెలా?

ఆ కుర్రాడి తండ్రి చెడ్డవాడు కాదు. ఆసుపత్రికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాలుగు నెలలు బియ్యం పంపించాడు. తరువాత పంపలేకపోయాడు. ఆయనకీ ముగ్గురు పిల్లలు, చిన్న జీతం. కేసు పెడితే కుర్రాడి చదువు పాడవుతుందని నాన్న పెట్టలేదు. పెట్టినా ఆ ఇంట్లో ఏముందని రాబడుతుంది?

నేనప్పుడు ఏడో తరగతి. ఆ ఏడాది నుంచి బడి నుంచి రాగానే వేరేవాళ్ల మగ్గాలకి కండెలు చుట్టేదాన్ని. ఇద్దరు పిల్లల్ని సాకలేక అమ్మ తమ్ముణ్ణి ఇచ్ఛాపురం మా మావయ్యగారింటికి పంపేసింది. వాడు అక్కడే పెరిగాడు, అక్కడే స్థిరపడ్డాడు. అంటే, ఇవాళ ఇచ్ఛాపురం నుంచి మా ఇంటికి స్కూటరు రావడానికి అప్పుడు నాన్నని గుద్దిన స్కూటరే కారణం.

మావారికి నాన్న కాలి సంగతి తెలుసు గాని ఇదంతా తెలియదు. పెళ్లయ్యాక చెప్పుకునే కబురా అది!

ఓ ఆదివారం ఇన్సూరెన్సు ఏజెంటు గారిని ఇంటికి పిలిచాను. ఒడియా ఆయన, పెద్దాయన, ఓపికగా చెప్పారు. ముందుగా తెలిసింది, తమ్ముడు ఇచ్చిన పాలసీ కాగితం నా భయం తీర్చేది కాదని. బండి తమ్ముడి పేరునే ఉంది. నంబరు ఆంధ్రాది. వేరే రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్.ఓ.సి. తేవాలి. బండి పేరు మారాక పద్నాలుగు రోజుల్లోగా ఇన్సూరెన్సు కంపెనీకి తెలియజేసి పాలసీ కూడా మార్పించుకోవాలి. ఇన్నేళ్లూ క్లెయిము చెయ్యనందుకు తమ్ముడికి వచ్చే బోనసు తమ్ముడిదే, బండితో పాటు మనకి రాదు.

"కుర్రాడు నడుపుతాడంటే ప్రీమియం పెరుగుతుందా?" అని మావారు అడిగారు.

"మన దగ్గర ఇన్సూరెన్సు బండికండీ, నడిపే మనిషికి కాదు. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సి.సి. చూసి కడతారు, వయసు చూసి కాదు. కాని లైసెన్సు లేకుండా నడిపి ఎవరినైనా గుద్దితే, కోర్టు చెప్పిందని కంపెనీ ముందు వాళ్లకి చెల్లించినా, ఆ సొమ్ము తరువాత మీ దగ్గర వసూలు చేస్తుంది. మైనరు అయితే సరేసరి" అన్నారాయన. 2019లో మారిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇది విని మావారు "మన వీధే కదా" అనడం మానేశారు.

నేను అడిగాను, "ఈ థర్డ్ పార్టీ అంటే ఎవరండీ?"

"మీరు మొదటి పార్టీ, కంపెనీ రెండోది. మీ బండివల్ల దెబ్బతిన్న రోడ్డు మీద మనిషి మూడో పార్టీ."

ఆ మాట విన్నాక కాసేపు నాకు మాట రాలేదు. చిన్నప్పటి నుంచి ఆ మూడో మనిషిని నేను ఎరుగుదును. మా ఇంట్లోనే ఉండేవాడు. రోజూ సాయంత్రం చూరు కింద కుక్కి మంచం మీద కాలు చాపుకుని కూర్చునేవాడు.

ఏజెంటు గారు ఇంకో రెండు సంగతులు చెప్పారు. తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే తీసుకుంటే వెనక కూర్చున్నవాళ్లకి అది వర్తించదని 2006లో సుప్రీం కోర్టు చెప్పిందట. మావాడి వెనక కూర్చునేది ఎవరు? మా చిన్నదీ, నేనూ. రెండోది, పాలసీతో తీసుకునే పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి యజమాని నడుపుతున్నప్పుడే. బండి మావారి పేరున పెట్టి మావాడు నడిపితే వాడికి అది రాదు. వాడి పేరు చెప్పి అదనంగా తీసుకోవాలి.

మొత్తం లెక్క వేశాం. మా బండిలాంటి వాటికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి అమలైన రేటు ప్రకారం ఏడాదికి 714 రూపాయలు, పన్ను కాక. బండి నష్టం, వెనక కూర్చునేవాళ్లు కలిసివచ్చే ప్యాకేజీ పాలసీ, మావాడి పేరున ప్రమాద బీమా తీసుకుంటే ఇంకొంత. పండక్కి ఒక చీర కొనడం మానుకుంటే సరిపోయే డబ్బు.

ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేసి కాగితాలన్నీ కావాలన్నాను. "ఇరవై ఐదు కిలోమీటర్ల దూరానికి ఎన్.ఓ.సి. ఏమిటక్కా! నా పేరునే ఉండనీ" అని నవ్వాడు. "నాన్నని గుద్దిన బండికి కాగితం లేకపోబట్టే కదరా నువ్వు అక్కడికి వెళ్లావు" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తరువాతి వారమే సెలవు పెట్టి ఆ పని మొదలుపెట్టాడు.

మావాడికి మాత్రం పుట్టినరోజు దాకా చెప్పలేదు. ఆ రోజు లెర్నరు లైసెన్సుకి వెళ్లబోయే ముందు కూర్చోబెట్టి చెప్పాను. వాడికి పదేళ్లప్పుడు నాన్న పోయారు. తాతయ్య కుంటడం వాడికి గుర్తుంది. "ముసలితనం అనుకున్నానమ్మా" అన్నాడు. కొంతసేపాగి, "మరి ఆ గుద్దినతను ఏమయ్యాడు?" అని అడిగాడు. ఏటా దసరాకి వచ్చి నాన్న కాళ్లకి దండం పెట్టి వెళ్లేవాడని, నాన్న పోయినప్పుడు పాడె మోసినవాళ్లలో అతనూ ఉన్నాడని చెప్పాను. మావాడు ఇంకేమీ అడగలేదు.

ఆ తరువాత ఎర్ర ఎల్ అక్షరం అంటించుకుని, వెనక వాళ్ల నాన్నని కూర్చోబెట్టుకుని నేర్చుకున్నాడు. లైసెన్సు వచ్చింది. పేరు మారింది, పాలసీ వచ్చింది, ఓ.డి. 07 నంబరు పడింది. అప్పుడు బీరువా తీసి తాళం చెవి ఇచ్చాను. మొదటిసారి వెనక నేనే హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. గిరి రోడ్డులో ముందు ఒక ముసలాయన సైకిలు మీద నెమ్మదిగా పోతున్నాడు. హారను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఆయన సందులోకి తిరిగేదాకా వెనకే నడిపాడు.

సరిహద్దుకి అటూ ఇటూ చుట్టాలున్న మన కుటుంబాల్లో బళ్లు ఇలా చేతులు మారడం మామూలే. మీ ఇంటికి కూడా అలా ఏదైనా వచ్చి ఉంటే, పిల్లవాడికి తాళం ఇచ్చే ముందు పాలసీ ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పటికో ఒక్కసారి తీసి చూడండి. ఆ కాగితం మన బండి కోసం కాదు. ఎదురుగా సైకిలు మీద వచ్చే ఎవరి నాన్న కోసమో.